మందు సంగతి సరే, గ్లాసు అంచు సంగతి?

గ్లూటెన్ పడనివాళ్లు ఢిల్లీలోనో గురుగ్రామ్‌లోనో నోయిడాలోనో ఒక బార్‌లో కూర్చుంటే సాధారణంగా మొదట అడిగేది సీసా గురించి. ఈ విస్కీ దేనితో చేశారు, ఈ వోడ్కా గోధుమదా బంగాళాదుంపదా, ఈ జిన్ తాగొచ్చా అని. ఆ భయం సహజమే. గోధుమ, బార్లీ పేర్లు వినగానే వెనక్కి తగ్గాలని వైద్యులు చెప్పే మాటనే వాళ్లు పాటిస్తున్నారు. అయితే మనకు తెలిసిన ఆధారాలను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. కాచి తీసిన మందు ఉన్న సీసాలో ప్రమాదం చాలా తక్కువ. మూత తీసి, దానిలో మరొకటి కలిపి, కుదిపి, వడగట్టి, గ్లాసు అంచుకు ఏదో పొడి అద్ది మన ముందు పెట్టేలోపు జరిగే పనుల్లోనే ప్రమాదమంతా ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న మారాలి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత బార్ నడిపేవారి మీద ఉండాలి. ఈ ప్రసంగంలో నేను వాదించేది ఇదే.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే ఒక రకం మాంసకృత్తులను కలిపి గ్లూటెన్ అంటున్నాం. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో ఈ గ్లూటెన్ లోపలికి వెళ్లగానే శరీరంలోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదనే తిరగబడుతుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే సన్నని చూషకాలు అరిగి చదునైపోతాయి. రక్తహీనత, విరేచనాలు, బరువు తగ్గడం, ఎముకలు గుల్లబారడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం దాని పర్యవసానాలు. దీనికి మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. కారణం గోధుమేనని గట్టిగా చూపించినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె. 1944-45 చలికాలపు కరువులో ఆ దేశంలో రొట్టె దొరకడమే గగనమైపోయినప్పుడు ఈ జబ్బు ఉన్న పిల్లలు కోలుకున్నారని, తిరిగి రొట్టె దొరికాక మళ్లీ జబ్బుపడ్డారని ఆయన గమనించాడు. తన పరిశీలనలను 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతగ్రంథంగా సమర్పించాడు.

ఇదంతా యూరప్ వాళ్ల జబ్బు అని చాలాకాలం మన దేశంలో అనుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు గోవింద్ మఖారియా, ఆయన సహచరులు దేశ రాజధాని ప్రాంతంలోనే ఇంటింటికీ వెళ్లి చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. అక్కడ ప్రతి 96 మందిలో ఒకరికి సీలియాక్ వ్యాధి ఉందని అది తేల్చింది. తర్వాత 2016లో ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాదిలో 23 వేలమందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన మరో అధ్యయనం వచ్చింది. మన తెలుగువాళ్లు శ్రద్ధగా చూడాల్సింది దాన్ని. ఉత్తరాదిలో వెయ్యిమందికి ఎనిమిది మందిని మించి ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిలో పదివేల మందిలో ఒక్కరికి కనిపించింది. మరి మన రక్తం వేరా అంటే, కాదు. ఈ జబ్బుకు దారితీసే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యువులు ఉత్తరాదిలో నూటికి 38 మందిలో ఉంటే, దక్షిణాదిలో 36 మందిలో ఉన్నాయి. దాదాపు సమానం. తేడా కంచంలో కనిపించింది. ఉత్తరాదివారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే దక్షిణాదివారు 25 గ్రాములు తింటున్నారు. అన్నం తినే ఇంట పుట్టి, ఉద్యోగానికో చదువుకో వచ్చి గురుగ్రామ్‌లో, నోయిడాలో, ఢిల్లీ ద్వారకలో స్థిరపడి, మూడుపూటలా రొట్టె, పరాఠా, భటూరా తింటున్న తెలుగువారికి ఈ లెక్క ఎంతవరకు వర్తిస్తుందో తేల్చాలంటే ఇంకా పరిశోధన కావాలి. కానీ ‘మాకు రాదులే’ అనే ధీమాకు మాత్రం ఆధారం లేదు. నెలల తరబడి కడుపు బాగుండకపోయినా, ఐరన్ మాత్రలు మింగినా హీమోగ్లోబిన్ పెరగకపోయినా, గోధుమ మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరకకుండా పోవచ్చు.

ఇప్పుడు సీసా దగ్గరికి వద్దాం. సారా కాచడం చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పులిసిన ద్రవాన్ని వేడిచేస్తే సుమారు 78 డిగ్రీల దగ్గర మరిగే ఆల్కహాల్ ఆవిరై పైకి వెళ్లి, చల్లబడి, గొట్టంలోంచి బొట్టుబొట్టుగా దిగుతుంది. మాంసకృత్తులు ఆవిరి కావు, అడుగున మిగిలిపోతాయి. గోధుమతో చేసినా బార్లీతో చేసినా, సరిగ్గా కాచి తీసిన మందులో గ్లూటెన్ రాకపోవడానికి కారణం ఇదే. ఇది నా సొంత ధైర్యం కాదు. 2011 నాటి ఐరోపా ఆహార సమాచార నిబంధన, మందు కాయడానికి వాడిన ధాన్యాలను అలర్జీ పదార్థంగా లేబుల్ మీద చెప్పనక్కర్లేదని మినహాయించింది. అమెరికా ప్రభుత్వం 2020లో, తగిన జాగ్రత్తలు తీసుకుంటే ధాన్యం నుంచి కాచిన మందును కూడా గ్లూటెన్ రహితమని చెప్పుకోవచ్చంది. మన దేశంలో అయితే ఇంకో సంగతి ఉంది. విస్కీ పేరుతో అమ్మే చవకరకం సరుకులో చాలావరకు చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కు కొంత మాల్ట్ విస్కీ కలిపి చేసేదే. ఐరోపాలో దాన్ని విస్కీ అననివ్వరు గానీ, గ్లూటెన్ కోణంలో చూస్తే అందులో భయపడాల్సిందేమీ లేదు. రమ్ము చెరకు సరుకు, ఫెనీ జీడిమామిడి పండుది, ద్రాక్షసారా ద్రాక్షది. మన ఊళ్ల కల్లు తాటిచెట్టుదో ఈతచెట్టుదో. వీటిలో ధాన్యం మాటే లేదు.

కాచిన విస్కీ తాగినా తమకు పడలేదని చెప్పే రోగులు ఉన్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. వారి బాధను కొట్టిపారేయకూడదు. అయితే ఆల్కహాల్ తనంతట తానే పేగును రేపుతుంది, పులుపు, తీపి, సోడా గ్యాస్ ఒక్కొక్కరి కడుపులో ఒక్కో రకంగా పనిచేస్తాయి. వాటిని విడదీసి చూడకుండా తప్పును గోధుమ మీద వేయలేం. పైగా కాచిన తర్వాత రుచి కోసం, రంగు కోసం కలిపే వస్తువులు వేరే సంగతి. బిస్కట్ రుచి, కేక్ రుచి అని చెప్పుకునే లిక్యూర్లలో ఏమి కలిపారో లేబుల్ చదవాల్సిందే. ఆ మేరకు సీసాను అనుమానించడం సబబే.

కాచని మందు విషయం పూర్తిగా వేరు. బీరు బార్లీ మాల్ట్‌ను పులియబెట్టి వడగట్టేది. అందులో ధాన్యపు మాంసకృత్తి ద్రవంలోనే ఉండిపోతుంది. గురుగ్రామ్ సెక్టార్ 29లో వరసగా ఉన్న మైక్రోబ్రూవరీల్లో జనం ఎక్కువగా అడిగేది మబ్బుగా కనిపించే గోధుమ బీరు. గ్లూటెన్ పడనివారికి అంతకు మించిన చేటు ఆ బార్‌లో మరొకటి ఉండదు. ఆల్కహాల్ లేని బీరు అని అమ్మేదాన్నీ మాల్ట్‌తోనే చేస్తారు. ఆల్కహాల్ లేదు కాబట్టి నిరపాయమనుకుని తాగేవాళ్లకు ఈ సంగతి తప్పక తెలియాలి. ఎంజైములు కలిపి గ్లూటెన్ తగ్గించిన బీర్లు విదేశాల నుంచి వస్తున్నాయి గానీ, పులిసిన ద్రవంలో ముక్కలైన మాంసకృత్తిని కచ్చితంగా కొలిచే పద్ధతి లేదని అమెరికా ఆహార సంస్థ 2020 నాటి నిబంధనలోనే ఒప్పుకుంది. కొలవలేనిదాన్ని నమ్మి తాగమని నేను ఎవరికీ చెప్పను.

ఇక అసలు రంగం కాక్‌టెయిల్ కౌంటర్. రాజధాని ప్రాంతపు బార్లు కొన్నేళ్లుగా ఢిల్లీ వీధుల రుచులను గ్లాసులోకి తెచ్చాయి. జల్జీరా మోహితో, ఆమ్ పన్నా మార్గరీటా, కాంజీ కలిపిన వోడ్కా, చిన్న గ్లాసు మీద గోల్‌గప్పా, అంటే పానీపూరీ, నిలబెట్టి ఇచ్చే షాట్. రుచిగా ఉంటాయి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ జల్జీరా పొడిలో, చాట్ మసాలాలో సాధారణంగా ఇంగువ ఉంటుంది. మనం పులిహోరలో, చారులో వేసే ఇంగువ అచ్చమైన చెట్టుబంక కాదు. అది మరీ ఘాటు గనుక బంకలో పిండి కలిపి ఘాటు తగ్గించి అమ్ముతారు. ఆ పిండి చాలా కంపెనీల డబ్బాల్లో గోధుమపిండే. డబ్బా వెనక్కి తిప్పి చదివితే ఆ మాట రాసే ఉంటుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా బజారులో దొరుకుతుంది గానీ బార్ వాళ్లు కొన్నది ఏదో వారికే తెలియాలి.

అయితే ఇక్కడ కంగారుపడకుండా లెక్క వేసి చూడాలి. మైదా గ్రాములో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. గ్లాసు అంచుకు అద్దిన చాట్ మసాలా ఒక గ్రాము అనుకుందాం. అందులో ఇంగువ నూటికి రెండు పాళ్లు, ఆ ఇంగువలో సగం గోధుమపిండి అనుకుంటే, గ్లూటెన్ ఒక మిల్లీగ్రాముకు లోపే తేలుతుంది. గోల్‌గప్పా సంగతి అలా కాదు. నాలుగైదు గ్రాముల రవ్వతోనో గోధుమపిండితోనో చేసిన పూరీ అది. అందులో మూడు నాలుగు వందల మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. పూరీ తినకుండా పక్కన పెట్టి కింద ఉన్న షాట్ మాత్రం తాగినా, విరిగిన పెంకు అందులో రాలిందా లేదా అన్న అనుమానం మిగులుతుంది. అందుకే గ్లాసు అంచు మసాలాను వద్దనడం మంచిది, గోల్‌గప్పా షాట్‌ను మాత్రం దగ్గరికే రానివ్వకూడదు. రెండింటినీ ఒకే స్థాయి ప్రమాదంగా చూస్తే మనిషి త్వరగా అలిసిపోతాడు. అలిసిపోయినవాడు చివరికి పెద్ద ప్రమాదాన్ని కూడా పట్టించుకోవడం మానేస్తాడు.

ఇలాంటి పెద్ద ప్రమాదాలు మరికొన్ని ఉన్నాయి. బ్లడీ మేరీలో టమాటా రసంతోపాటు వూస్టర్‌షైర్ సాస్ పడుతుంది. ఇంగ్లండులో అమ్మే రకంలో బార్లీ నుంచి వచ్చే మాల్ట్ వెనిగర్ ఉంటుంది, అమెరికాలో అమ్మే రకంలో ఉండదు, ఢిల్లీ బార్‌లో ఏ రకం వాడతారో అడిగితేగాని తెలియదు. కొందరు దాని బదులు సోయా సాస్ వేస్తారు. మామూలు సోయా సాస్ గోధుమ కలిపి పులియబెట్టేదే. వేసవిలో సత్తు పానీయాలు వస్తాయి. సత్తు అంటే వేయించిన శనగపిండి అనే చాలామంది అనుకుంటారు గానీ, యవలు అంటే బార్లీ కలిపిన సత్తు కూడా ఉత్తరాదిలో మామూలే. మన ఇళ్లలో చలువ చేస్తుందని తాగించే బార్లీ నీళ్లు ఎంత నిరపాయంగా కనిపించినా ఈ రోగులకు పనికిరావు. మాల్ట్ పొడులు కలిపిన తీపి కాక్‌టెయిళ్లు, బిస్కట్ ముక్కలు వేసి మిక్సీలో తిప్పినవి కూడా అంతే. ఒకే మిక్సీ జారులో ముందు బిస్కట్ షేక్ తిప్పి, నీళ్లతో ఒకసారి తొలిపి, తర్వాత మన పానీయం తిప్పితే ఆ జారు బ్లేడు కింద ఏమి మిగిలిందో ఎవరు చెప్పగలరు? పెద్ద జగ్గుల్లో పోసి ఇచ్చే కాక్‌టెయిళ్లది కూడా ఇదే కథ. బీరు పోసే జగ్గు, కాక్‌టెయిల్ పోసే జగ్గు చాలాచోట్ల ఒకటే. 2022 జులై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం ఉంది. వాటి స్థానంలో ఎక్కువగా కాగితం స్ట్రాలు వచ్చాయి గానీ, ఎక్కడైనా తినదగిన స్ట్రా అని ఇస్తే అది బియ్యంతో చేసిందా, పాస్తాలా గోధుమతో చేసిందా అని అడగడం తప్పుకాదు. స్ట్రా లేకుండా తాగితే ఆ ప్రశ్నే రాదు.

ఇంత చిన్న మోతాదులకు ఇంత హడావుడి ఎందుకు, కొంచెం పడితే ఏమవుతుంది అనే ప్రశ్న వస్తుంది. దీనికి మంచి ఆధారమే ఉంది. ఇటలీకి చెందిన కార్లో కటాసీ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, సీలియాక్ వ్యాధి అదుపులో ఉన్నవారికి మూడు నెలలపాటు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఇస్తే చూషకాలు దెబ్బతిన్నాయి. యాభై మిల్లీగ్రాములంటే గ్రాము పిండి కన్నా తక్కువ. రోజుకు 10 మిల్లీగ్రాములలోపు ఉంటే చాలామందికి హాని కనబడదన్నది సాధారణంగా ఒప్పుకున్న మాట. గ్లూటెన్ రహితమని చెప్పుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ఆహార ప్రమాణమూ, మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణమూ చెబుతున్నాయి. సరిగ్గా ఆ గరిష్ఠ పరిమితిలో ఉన్న పానీయం 200 మిల్లీలీటర్లు తాగితే నాలుగు మిల్లీగ్రాములు. అలాంటివి మూడు తాగితే 12. ఆ రోజు తిన్నదాంట్లో వచ్చినది దానికి అదనం. అంటే పరిమితి అనేది ఒక్కో వస్తువుకు పెట్టినది, మనిషి రోజు మొత్తానికి పెట్టినది కాదు. ఈ తేడాను చాలామంది గమనించరు.

‘నేను తాగాను, నాకేమీ కాలేదు’ అనే వాదన మరింత జాగ్రత్తగా వినాలి. ఈ జబ్బులో ఏ లక్షణమూ లేకుండానే పేగు దెబ్బతినే మనుషులు ఉన్నారు. వారికి కడుపు నొప్పి రాదు, విరేచనం రాదు, కానీ రక్తంలో యాంటీబాడీలు పెరుగుతూ ఉంటాయి, ఎముకల్లో సత్తువ తగ్గుతూ ఉంటుంది. అలాగే దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది. రాత్రి మందు తాగి, నూనెలో వేయించిన చిరుతిండి తిని, నిద్ర చెడి, పొద్దున కడుపు తిప్పితే అది గ్లూటెనే అనుకోవడం. బార్ విషయంలో శరీరం ఇచ్చే సాక్ష్యం అటు నిర్దోషమని తేల్చడానికీ సరిపోదు, ఇటు నేరమని తేల్చడానికీ సరిపోదు. మన వంట్లో ఏమైందో చూసి నిర్ణయించుకుందామనే పద్ధతి ఇక్కడ పనిచేయదు. గ్లాసులోకి ఏమి వెళ్లిందో ముందే తెలియాలి. ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు చెప్పినప్పుడు చేయించుకునే రక్తపరీక్ష, మన జాగ్రత్త నిజంగా పనిచేస్తోందా అన్నదానికి ఉన్న కొలతల్లో ఒకటి.

ముందే తెలియాలంటే చెప్పేవాడు ఉండాలి. ఇక్కడే బార్ వాళ్ల బాధ్యత వస్తుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఆహారం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో మద్యపానీయాలను కూడా చేర్చింది. అంటే బార్ చట్టం దృష్టిలో ఆహారవ్యాపారమే. గోడకు ఎక్సైజ్ లైసెన్స్‌తోపాటు 14 అంకెల ఆహార లైసెన్స్ నంబరు కూడా ఉండాలి. 2020లో వచ్చిన లేబులింగ్, ప్రదర్శన నిబంధనల ప్రకారం, కేంద్ర లైసెన్స్ ఉన్న హోటళ్లు, పది లేదా అంతకు మించి శాఖలున్న సంస్థలు మెనూలో అలర్జీ కలిగించే పదార్థాల సమాచారం ఇవ్వాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఆ జాబితాలో మొదట కనిపిస్తాయి. ఈ నియమాలు 2022 నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ చాలా చోట్ల తిండి మెనూలో గోధుమ కంకి గుర్తు కనిపిస్తుంది, పానీయాల మెనూ తిరగేస్తే ఏ గుర్తూ ఉండదు. గ్లాసులో పోసేది కూడా ఆహారమే అయినప్పుడు ఈ తేడాకు ఆధారం ఏమిటి? నా ఉద్దేశంలో ఏమీ లేదు. తాగేది ద్రవం గనుక అందులో గోధుమ ఎందుకు ఉంటుందిలే అన్న పాత అలవాటు తప్ప.

బార్ యజమానుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. శుక్రవారం రాత్రి గురుగ్రామ్ సైబర్ హబ్‌లో ఒక కౌంటర్ దగ్గర ముగ్గురు బార్‌టెండర్లు గంటకు వందల గ్లాసులు కలుపుతారు. ఒక్కొక్క గ్లాసుకు ఆరేడు వస్తువులు, వాటిలో సగం వంటగదిలో తయారైన పాకాలు, పొడులు. ప్రతి ఒక్కరికీ ప్రత్యేకంగా చేయాలంటే వ్యాపారం నడవదని వారు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే కావాల్సింది ప్రతి పానీయాన్నీ గ్లూటెన్ లేకుండా చేయడం కాదు. మెనూలోని ఇరవై ముప్ఫై పానీయాల్లో ఏయే వస్తువులు ఉన్నాయో ఒక కాగితం మీద ఒక్కసారి రాసి కౌంటర్ వెనక పెట్టుకోవడం, రంగు చుట్టిన ఒక షేకర్, ఒక జల్లెడ, ఒక కొలత గ్లాసు విడిగా ఉంచడం. దీనికి అయ్యే ఖర్చు ఒక మంచి విస్కీ సీసా ఖరీదును మించదు. పల్లీలు పడనివారికి, పాలు పడనివారికి కూడా అదే కాగితం పనికొస్తుంది. మరో అభ్యంతరం, గ్లూటెన్ వద్దనడం ఇప్పుడు ఒక ఫ్యాషన్ అయిపోయిందని, నిజమైన రోగి ఎవరో, బరువు తగ్గాలనుకునేవారెవరో తెలియదని. ఫ్యాషన్ ఉన్నమాట నిజమే. దానివల్ల వెయిటర్లు ఈ మాటను తేలిగ్గా తీసుకుంటున్నారన్నదీ నిజమే, ఆ నష్టం రోగుల మీదే పడుతోంది. కానీ ఎయిమ్స్ లెక్క ప్రకారం తొంభై ఆరుగురిలో ఒకరంటే, శనివారం సాయంత్రం నిండిన ఒక మోస్తరు పబ్బులో అలాంటివారు ఒకరిద్దరు ఉండే అవకాశం ఉంది. ఎవరు నిజమైన రోగి అని విచారించే పని బార్‌టెండర్‌కు వద్దు. అడిగిన ప్రతివారికీ ఒకే నిజం చెబితే చాలు.

అసలు తాగకపోతే పోలా అనే పెద్దలూ ఉన్నారు. మద్యం విషయంలో ఏ మోతాదూ పూర్తిగా నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. కొత్తగా జబ్బు బయటపడి పేగు ఇంకా మానని వారు, కాలేయంలో తేడా ఉన్నవారు డాక్టరును అడగకుండా గ్లాసు ముట్టకూడదని నేనూ అంటాను. తాగొద్దని చెప్పడం మంచి సలహానే. కానీ తాగేవారి గ్లాసులో ఏముందో చెప్పకపోవడానికి ఆ సలహా సాకు కాకూడదు. పైగా నేను చెప్పిన ప్రమాదాల్లో చాలావరకు మందు లేని పానీయాల్లోనూ ఉన్నాయి. పన్నెండేళ్ల పిల్ల అడిగిన జల్జీరా, మామిడి మాక్‌టెయిల్, బిస్కట్ షేక్, సత్తు షర్బత్ అదే కౌంటర్‌లో, అదే మిక్సీలో తయారవుతాయి. మందు తాగని ఇంట్లో కూడా ఈ ప్రశ్న ఉంటుంది.

మరి వెళ్లి ఎలా అడగాలి? గ్లూటెన్ అనే మాట వెయిటర్‌కు తెలిసి ఉండవచ్చు, తెలియకపోవచ్చు. గేహూఁ (గోధుమ), మైదా, సూజీ (రవ్వ), జౌ (బార్లీ), ఈ నాలుగు హిందీ మాటలు రాజధాని ప్రాంతంలో తెలియనివారు లేరు. వీటిలో ఏదీ పడకూడదు, పడితే ఆసుపత్రి పాలవుతాను అని చెబితే విషయం వంటగదిదాకా వెళుతుంది. వెయిటర్ ఫరవాలేదు సార్, ఫరవాలేదు మేడమ్ అన్నంతమాత్రాన ఆగకుండా, కలిపే మనిషితోనే ఒక నిమిషం మాట్లాడాలి. ఆ నిమిషం సాయంత్రం ఏడింటికి దొరుకుతుంది, పదింటికి దొరకదు. మొదటి గ్లాసుకు ముందే అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండో గ్లాసు తర్వాత అడిగే శ్రద్ధ మనలోనే తగ్గుతుంది. ఏది తాగాలన్నది అంత కష్టమైన ఎంపిక కాదు. షేకర్, మిక్సీ అవసరం లేకుండా నేరుగా గ్లాసులో పోసేవి మేలు. జిన్నూ టానిక్కూ, రమ్మూ కోలా, విస్కీ సోడా, గ్లాసు వైన్. ఐసు, నిమ్మచెక్క ఉంటే చాలు. మసాలా అంచు వద్దు, పైన అలంకారం వద్దు. కుదిపి ఇచ్చేది కావాలంటే షేకర్‌ను సబ్బుతో కడిగించమని అడగండి, వట్టి నీళ్లతో తొలపడం చాలదు. మందు కన్నా పక్కన పెట్టే చిరుతిండే చాలాసార్లు కొంప ముంచుతుంది. సమోసాలు వేయించిన నూనెలోనే బంగాళాదుంప వేపుడు, సోయా సాస్‌లో నానబెట్టిన చికెన్, గిన్నెలో కలగాపులగంగా పోసిన మిక్స్చర్. వేయించిన ఉత్త పల్లీలు అడిగి తెచ్చుకోవచ్చు. ఢిల్లీలో 25 ఏళ్లు, హర్యానాలో, ఉత్తరప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనిదే మందు పోయరాదన్న నియమం ఎలాగూ ఉంది, ఇంటికి మరొకరు కారు నడపాలన్నదీ ఉంది.

పెళ్లిళ్లు వేరే లోకం. ఢిల్లీ ఛతర్‌పూర్ ఫాంహౌసుల్లో చలికాలపు పెళ్లి రాత్రి బార్ కౌంటర్ ఆ ఒక్క రాత్రికి వెలుస్తుంది. బార్‌టెండర్లను ఎవరో ఏజెన్సీ పంపుతుంది, సీసాలు పెళ్లివారు కొంటారు, పొడులు, పాకాలు కేటరర్ తెస్తాడు. గ్లాసులో ఏమి పడిందో మొత్తంగా తెలిసిన మనిషి అక్కడ ఒక్కరూ ఉండరు. మెనూ కార్డు లేదు, రేపు వెళ్లి అడగడానికి దుకాణం లేదు. అక్కడ బాధ్యత పిలిచినవారిదే. బంధువుల్లో ఈ జబ్బు ఉన్నవారు ఎవరో పెళ్లి పెద్దలకు తెలిసే ఉంటుంది. కేటరర్‌తో మెనూ కుదుర్చుకునేటప్పుడే, బీరుకు వేరే జగ్గులు, మాక్‌టెయిళ్లకు మిక్సీ ఒకటి విడిగా, ఇంగువ లేని ఉప్పూ మిరియాల పొడి, గోల్‌గప్పాల బల్ల పానీయాల కౌంటర్‌కు దూరంగా అని నాలుగు మాటలు కాగితం మీద రాయించుకోవాలి. బయానా ఇచ్చే రోజున ఆ మాట చెబితే కేటరర్ వింటాడు. ఊరేగింపు గుమ్మంలోకి వచ్చాక చెబితే వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.